పెన్సిల్ పట్టుకున్న పిల్ల

ఆ పాటలో నేనూ ఉన్నాను.
వినిపించను.
పదిహేడు నిమిషాలు ఒక పెన్సిల్‌ని నిటారుగా పట్టుకుని
తుమ్మకుండా నిలబడ్డాను, అంతే.

బ్రెత్‌స్లావ్ స్టేషన్ వెనక బొగ్గు గది.
డెబ్బై ఐదు, ఫిబ్రవరి.
సరిహద్దు అక్కడికి సైకిలంత దూరం,
సైకిలు తొక్కకూడనంత దూరం.

మా అన్న ఒటాకర్‌ది చక్రాలు కొట్టే ఉద్యోగం.
వియన్నా బండి ఆగిన ఆ కాసేపట్లో
పొడుగు కర్ర సుత్తితో ఒక్కో చక్రాన్నీ తట్టి
చెవి ఒగ్గి వినేవాడు,
కుండ బేరమాడే మనిషిలా.
ఖంగుమంటే వెళ్లొచ్చు.
బొంగురుగా మూలిగితే ఎక్కడో పగులుంది,
ఆ పెట్టె ఇక్కడే విడిపోవాలి.
"ఎన్ని వేల చక్రాల్ని సాగనంపానో," అనేవాడు సూపులో రొట్టె ముంచుతూ,
"ఒక్కటీ మాటవరసకైనా నన్ను రమ్మనలేదు."

ఒక రాత్రి టిఫిన్ డబ్బాల సంచీలో రికార్డరు దాచుకెళ్లి
ఆ దెబ్బల్ని పట్టుకొచ్చాడు.
జ్బినెక్ గడ్డం గీసుకునే బ్లేడుతో టేపు కోసి
ఎనిమిది దెబ్బల్ని ఒక చుట్టుగా అతికించాడు.
నాలుగు మీటర్ల చుట్టు!
మిషన్లోంచి బయల్దేరి, సీసా మెడ తిరిగి,
కుర్చీ కాలు తిరిగి, నా పెన్సిల్ తిరిగి
మళ్లీ మిషన్లోకి.
డ్రమ్ములు వద్దనుకున్నారు.
జ్బినెక్ గిటారు తీగల మీద పట్టాల బోల్టు ఈడ్చాడు,
పళ్లు జివ్వుమనేలా, పొగమంచులో ఎవరో బ్రేకు వేసినట్టు.

క్వేటా పాడనంది.
రోజూ మైకులో స్టేషన్ల పేర్లు చదివే మనిషి ఆమె.
"డ్యూటీలో ఎలా చదువుతానో అలాగే చదువుతా," అంది.
ఉత్తరాన్నుంచి ఒక్కో ఊరూ దిగుతూ వచ్చింది,
ముక్కుతో, విసుగ్గా,
మా ఊరి పేరు దాకా.
ఆ తర్వాతి పేరుకు నోరు తెరిచింది.
ఊపిరి వినిపిస్తుంది మీకు. పేరు వినిపించదు.
జ్బినెక్ చేతులు ఊపుతున్నాడు, చదువు, చదువు అని.
ఆమె తల అడ్డంగా ఊపింది.
తర్వాత అడిగితే, "చదివితే చేరుకున్నట్టవుతుంది," అంది.

అప్పుడే నాకు తుమ్ము వచ్చింది.
మింగేశాను.

ఆ రాత్రి ఒటాకర్ సిగరెట్ పెట్టె వెనక లెక్క కట్టాడు:
సెకనుకు పందొమ్మిది సెంటీమీటర్లు, పదిహేడు నిమిషాలు,
మా పాట చేసిన ప్రయాణం
నూట తొంభై నాలుగు మీటర్లు.
ప్లాట్‌ఫారం కొస కూడా కాదు.

అనుమతి ఇచ్చే ఆఫీసరు అడిగాడట,
"దేని గురించిది?"
"ప్రయాణం."
"ఎక్కడికి?"
ఒటాకర్ టోపీ తీసి, "రైల్వే భద్రత గురించండి," అన్నాడు.
ముద్ర పడింది.

రైల్వే కార్మికుల నృత్యోత్సవంలో ఒక్కసారే వేశారు.
ఎవరూ అడుగు కదపలేదు.
ఫయర్‌మన్ల బల్ల దగ్గర ఒకాయన చెవులు మూసుకున్నాడు.
రిటైరైన ముసలి బ్లజేయ్ మాత్రం లేచి వచ్చి
స్పీకరుకు చెవి ఆనించి, మూడు చుట్లు విని,
"నాలుగోది మార్చండి రా, పగిలింది," అన్నాడు.

ఇంటికి నడుస్తూ అడిగాను: "నీకు తెలుసా?"
"తెలుసు."
"మరి ఆ పెట్టెను వెళ్లనిచ్చావా?"
"లేదు. అదిక్కడే, ఆ షెడ్డులోనే ఉంది," అన్నాడు ఒటాకర్,
"అందుకే పాటలో పెట్టాను."

తొంభైలో నేను టికెట్ కొనుక్కున్నాను.
అన్నను రమ్మంటే డ్యూటీ ఉందన్నాడు.
కిటికీ పక్కన కూర్చున్నాను; పాదాల కింద
ఖంగు.
కాసేపటికి ఇంకొకటి, ఖంగు.
వంగి చూస్తే అతని టోపీ కనిపించింది, మొహం కాదు.
బండి కదిలింది.
క్వేటా మింగేసిన ఆ ఊరు
కిటికీలోంచి చకచకా వెళ్లిపోయింది. బోర్డు చదవలేకపోయాను.

వియన్నా వచ్చేదాకా గమనించలేదు,
టికెట్‌ని రెండు వేళ్లతో
నిటారుగా పట్టుకునే ఉన్నాను.

దిగి, ప్లాట్‌ఫారం మధ్యలో
అందరూ తిరిగి చూసేంత గట్టిగా తుమ్మాను.